మూడో పిలుపు

పోయిన చలికాలం మా అన్నయ్యకి మోకాలి ఆపరేషన్ అయితే చూసి రావడానికి వాళ్ళుండే ఊరు బాతెల్ వెళ్ళాను. నేనున్న వారమంతా వానే. ఆ ఊళ్ళో వాన పడిందని ఎవరూ చెప్పుకోరు, పడకపోతే చెప్పుకుంటారు. అన్నయ్య హాల్లో రిక్లైనర్ మీద కాలు చాపుకుని, థెరపీ చేయించడానికి వచ్చే అమ్మాయి మీద నాకు చాడీలు చెబుతూ చెబుతూ నిద్రలోకి జారుకున్నాడు. తన కూతురు జాయ్ ఆఫీసు నుంచి ఇంకా రాలేదు. జాయ్ కూతురు నోరాకి ఆరేళ్ళు, అప్పుడే స్కూల్ బస్సు దిగి వచ్చింది. పప్పన్నంలో నెయ్యి వేసి కలిపి, "నోరా" అని పిలిచాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. మూడోసారి మెట్ల దగ్గర నిలబడి కాస్త గట్టిగానే పిలిచాను. ఇంట్లో అన్నయ్య గురక తప్ప ఇంకో చప్పుడు లేదు.

మెట్ల కింద కోట్లు తగిలించుకునే క్లాజెట్ ఒకటి ఉంది. ఎందుకో దాని తలుపు తీసి చూశాను. లోపల చీకట్లో, తడి కోట్ల కింద, మోకాళ్ళకి గడ్డం ఆనించుకుని కూర్చుని ఉంది పిల్ల. దాగుడుమూతలు ఆడే పిల్లల మొహంలో ఆపుకున్న నవ్వు ఒకటి ఉంటుంది కదా, అది లేదు. ఒక చేత్తో తన నోరు తనే మూసుకుని, రెండో చేత్తో తలుపు వేసెయ్యమని సైగ చేసింది. ఆరేళ్ళ పిల్ల చెప్పినట్టు ఎందుకు విన్నానో తెలియదు, వేసేశాను. ఆ తలుపుకి వీపు ఆనించి నేల మీద కూలబడ్డాను. లోపల దాని ఊపిరి సన్నగా వినిపిస్తోంది. చీకటి గదిలో కూర్చుని, తన పేరు చెవిన పడుతున్నా పలక్కుండా ఊపిరి బిగబట్టిన పిల్ల ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఒకప్పుడు ఆ పిల్లని నేనే.

మేం ఫీనిక్స్ పక్కన ఎడారి ఊరు చాండ్లర్‌లో ఉండే రోజులవి. ఇవాళ ఆ ఊరు వెళ్ళేవాళ్ళకి ఇండియన్ గ్రోసరీలు, బిర్యానీ హోటళ్ళు, కొత్త కొత్త అపార్ట్‌మెంట్లు కనిపిస్తాయి. అప్పుడు పత్తి చేలు కనిపించేవి. ఊరు ఎక్కడ అయిపోయి చేను ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. గాలి ఒకవైపు నుంచి వస్తే పాల డైరీల పేడ వాసన, ఇంకోవైపు నుంచి వస్తే నారింజ పూల వాసన. నాన్నకి కొత్తగా పెట్టిన కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. అమ్మ హాస్పిటల్లో నర్సు, ఎప్పుడూ నైట్ డ్యూటీయే. మా ఇద్దర్నీ చూసుకోవడానికి నర్సాపురం దగ్గర పల్లె నుంచి నాయనమ్మని తెచ్చుకున్నారు. మా ఇంటికీ మా స్కూలుకీ మధ్య ఒక పత్తి చేను, ఒక పంట కాలువ. పెరట్లో నిలబడితే స్కూలు వెనకభాగం కనిపించేది. నాయనమ్మ రోజూ మధ్యాహ్నం బట్టలు ఆరేసే నెపంతో అక్కడ నిలబడి అటే చూస్తూ ఉండేదని తర్వాత అమ్మ చెప్పింది.

ఆ ఇంటి వాసన నాకింకా ముక్కులో ఉంది. అప్పట్లో అక్కడ చాలా ఇళ్ళకి ఏసీ లేదు, కప్పు మీద నీళ్ళ కూలర్ ఉండేది. దాంట్లో తడిసిన గడ్డిపీచు వాసన గదులన్నింట్లోకీ వచ్చేది. వాన వెలిసిన గడ్డివాము పక్కన పడుకున్నట్టుందని నాయనమ్మ మురిసిపోయేది, ఆ దేశంలో ఆవిడకి నచ్చిన వస్తువు అదొక్కటే. పొద్దున అమ్మ డ్యూటీ దిగి వచ్చేసరికి చారు పొయ్యి మీద ఉండాలి. శనివారాలు నాయనమ్మ ఎండు మెత్తళ్ళు వేయించేది, పక్కింటివాళ్ళు ఏమనుకుంటారోనని నాన్న కిటికీలు మూస్తూ తిరిగేవాడు, ఊపిరాడ్డం లేదని అమ్మ వెనకే తెరుచుకుంటూ వచ్చేది. ఆదివారం ఫీనిక్స్‌లో ఎవరో ఒకరి ఇంట్లో తెలుగు ప్రార్థన. నాయనమ్మ ఇనప్పెట్టె తీసి గంజి పెట్టిన తెల్ల చీర బయటికి లాగితే, కలరా ఉండల వాసన ఆ రోజంతా కార్లో మాతో పాటు ప్రయాణం చేసేది.

ఆ ఇంట్లో ఒక చట్టం ఉండేది. ఎవరైనా మనల్ని పేరు పెట్టి ఒక్కసారి పిలిస్తే పలక్కూడదు. రెండోసారికీ పలక్కూడదు. మూడోసారికి పలకాలి. మనుషులకి మనతో పని ఉంటుంది కాబట్టి మళ్ళీ మళ్ళీ పిలుస్తారట. ఆ పిలిచేది మనిషి కాకపోతే ఒక్కసారే పిలుస్తుందట, మనం పలికితే చాలు, ఇంక దానికి రెండో పిలుపుతో అవసరం లేదట. అందుకని నాయనమ్మ మమ్మల్ని ఎప్పుడు పిలిచినా వరసగా మూడుసార్లు పిలిచేది, మధ్యలో కాస్త ఎడం ఇచ్చి. నన్ను బుల్లెమ్మా అనేది. నా పేరు కరుణ. బుల్లెమ్మా అని పిలిచే మనిషి ఆ దేశం మొత్తానికి ఆవిడ ఒక్కతే. ఈ చట్టం ఫోనుకీ వర్తించేది, మూడు రింగులు అయ్యేదాకా ఎత్తనిచ్చేది కాదు. డోర్‌బెల్ ఒకసారి కొట్టి వెళ్ళిపోయిన సేల్స్‌మన్‌లు ఎంతమంది మా ఇంటికి దయ్యాలుగా లెక్కపడ్డారో.

అమ్మకి ఇది బొత్తిగా గిట్టేది కాదు. దేవుణ్ణి నమ్ముకున్నవాళ్ళకి దయ్యాల భయమేమిటి అత్తయ్యా, పాస్టర్‌గారు వింటే నవ్విపోతారు, అనేది. దేవుడు కూడా ఒక్కసారి పిలిచి ఊరుకోడమ్మా, మళ్ళీ పిలుస్తాడు, అని నాయనమ్మ జవాబు. దాంతో అమ్మ తన పని చూసుకోవడానికి వెళ్ళిపోయేది.

ఆ నమ్మకం నాయనమ్మకి ఊరికే రాలేదు. ఆవిడ పడుచుతనంలో వాళ్ళ ఊరి మీదికి ఉప్పెన వచ్చింది. ఊళ్ళో గాలికి నిలిచిన కట్టడం మిషను బడి ఒక్కటే. అందరూ దాని డాబా మీదికి ఎక్కారు. నీళ్ళు కిటికీలదాకా వచ్చి ఆగాయి. గాలి తగ్గాక, చీకట్లో, కింద నీళ్ళ వైపు నుంచి ఎవరో "సుందరమ్మా" అని పిలిచారట. సుందరమ్మ నాయనమ్మ స్నేహితురాలు, పక్కనే చలికి వణుకుతూ కూర్చుని ఉంది. మా ఆయనే, వచ్చేశాడు, అని ఓయ్ అంటూ లేచి మెట్లు దిగింది. మళ్ళీ ఎవరికీ కనపడలేదు. తెల్లారాక తెలిసింది, వాళ్ళాయన పొద్దు గుంకకముందే పోయాడని. ఈ కథ చెప్పేటప్పుడు నాయనమ్మ గొంతులో భయం ఉండేది కాదు. పాలవాడు ఎన్నింటికి వస్తాడో చెప్పినంత మామూలుగా చెప్పేది, మాకు అదే ఎక్కువ భయంగా ఉండేది.

అందుకే మా స్కూలు చూసి ఆవిడ మొదటిరోజే పెదవి విరిచింది. పెద్ద బిల్డింగ్ ఇటుకలతో కట్టిందే. కానీ ఊరికి జనం పెరిగి గదులు చాలక, మా క్లాసుని వెనకాల మైదానం చివర పోర్టబుల్స్‌లో పెట్టారు. చెక్క గోడలు, రేకు కప్పు, కింద దిమ్మలు, పైన ఒక కూలర్ డబ్బా. బడంటే ఊరు మునిగినా జనాన్ని కాచేది అని ఆవిడ లెక్క. గాలొస్తే ఎగిరిపోయేదాన్ని బడంటారేమిట్రా అని నాన్నని నిలదీసింది. నాన్న నవ్వి, ఇక్కడ సముద్రం లేదమ్మా, అన్నాడు.

స్కూల్లో నెలకోసారి ఫైర్ డ్రిల్ చేయించేవారు. బెల్లు మోగితే వరసలో బయటికి వెళ్ళి, మైదానంలో నిలబడి, ఎండకి కళ్ళు చికిలించుకుని మళ్ళీ లోపలికి రావడం. అప్పుడప్పుడు బల్లల కింద దూరడం కూడా ఉండేది, ఎందుకు దూరుతున్నామో టీచర్లకే సరిగ్గా తెలిసేది కాదు. ధూళి తుఫానుకి మాత్రం డ్రిల్ లేదు. అది ప్రతి వేసవిలోనూ వచ్చేదే, సాయంత్రాలు వచ్చేది, జనం తలుపులు వేసుకునేవారు, పోయేది. బడివేళ కూడా రావచ్చునని ఎవరూ అనుకోలేదు.

ఆ ఏడు స్కూళ్ళు తెరిచిన కొత్తలో వచ్చింది. ఆఖరి పీరియడ్. పెయింటింగ్ అయిపోయి, రంగు సీసాలు లోపల సర్దిరమ్మని మా టీచర్ మిసెస్ హార్లన్ నన్ను పంపింది. పోర్టబుల్‌కి ఒక చివర, చేను వైపు, సామాన్ల గది ఉండేది. కాగితాలూ సుద్దముక్కలూ ఆరని రంగులూ కలిసిన వాసన. ఎత్తులో చిన్న కిటికీ ఒకటి. నేను సీసాలు అరలో పెడుతుండగా కూలర్ ఆగిపోయింది. అప్పటిదాకా అది చప్పుడు చేస్తోందని కూడా నాకు తెలియదు, ఆగాక తెలిసింది. కిటికీలో వెలుగు ముందు పసుపు రంగుకి తిరిగింది, తర్వాత ఇటుక రంగుకి, తర్వాత అసలు లేదు. మధ్యాహ్నం పూట అంత చీకటి నేను మళ్ళీ చూడలేదు. గది తలుపు దానంతటదే ధడాలున పడింది. నోట్లో మట్టి రుచి తగిలింది.

అవతల బెంచీలు జరిగిన చప్పుడు, పిల్లల అరుపులు, చెక్కమెట్ల మీద పరుగులు. చేతులు పట్టుకోండి, వదలకండి, అని టీచర్ గొంతు. తర్వాత నా పేరు పిలిచింది. ఒక్కసారి.

నేను పలకలేదు. మొండితనం కాదు, మర్చిపోవడమూ కాదు. నాలుగడుగుల దూరంలో ఉన్న టీచర్ అని తెలిసి కూడా, అంత చీకట్లో, ఒక్క పిలుపుకి నా నోరు పెగల్లేదు. రెండో పిలుపు వస్తుంది, మూడోది వస్తుంది, అప్పుడు పలుకుదాం అని నిలబడ్డాను. రాలేదు. గదిలో ఎవరూ లేరనుకుని వాళ్ళు వెళ్ళిపోయారు. కాసేపటికి మైదానంలో ఎవరో మగమనిషి, పోర్టబుల్స్ వెంబడి పరిగెడుతూ, గోడ మీద చేత్తో కొట్టి, లోపల ఎవరైనా ఉన్నారా అని పిలిచాడు. అదీ ఒక్కసారే. ఆ గొంతు గాలిలో అలా అలా దూరం వెళ్ళిపోయింది. నాయనమ్మ చెప్పిన కథ అక్షరాలా నా చుట్టూ జరుగుతున్నట్టుంది. ఏవేవో గొంతులు వస్తున్నాయి, పిలుస్తున్నాయి, రెండోసారి అడగడం లేదు. నేను అరల కింద దూరి, గౌను మొహానికి అడ్డం పెట్టుకుని, దగ్గు వస్తుంటే పళ్ళు బిగించి ఆపుకున్నాను. దగ్గితే పలికినట్టే అవుతుందేమోనని నా భయం.

అప్పుడు కిటికీ వైపు నుంచి, చేను వైపు నుంచి, "బుల్లెమ్మా" అని పిలిచారు.

నాయనమ్మ గొంతు. గాలి అంత హోరు పెడుతోంటే ఆ పిలుపు ఒక్కటీ నా చెవి పక్కన అన్నట్టు మెత్తగా వినిపించింది. ప్రాణం లేచి వచ్చింది నాకు. చేను దాటి నా కోసం వచ్చేసింది అనుకున్నాను. అరల మీద కాలు పెట్టి ఒక మెట్టు ఎక్కాను, ఇంకొకటి ఎక్కితే కిటికీ గడియ అందుతుంది. ఓయ్ అనడానికి నోరు తెరిచాను కూడా. అక్కడే ఆగిపోయాను. నాయనమ్మ అయితే మళ్ళీ పిలుస్తుంది. నాయనమ్మ ఎప్పుడూ మూడుసార్లు పిలుస్తుంది. గడియ వైపు చాపిన చెయ్యి అలాగే పెట్టుకుని రెండో పిలుపు కోసం విన్నాను. కిటికీ అద్దానికి ఇసుక కొట్టుకునే చప్పుడు తప్ప ఏమీ లేదు. కిందికి దిగి మళ్ళీ అరల కింద దూరాను. జీవితంలో అంత ఏడుపు ఎప్పుడూ రాలేదు, అదీ చప్పుడు చెయ్యకుండా ఏడవాల్సి వచ్చింది.

ఎంతసేపటికో తెలియదు, చెక్కమెట్ల మీద మళ్ళీ అడుగులు. మిసెస్ హార్లన్. పెద్ద బిల్డింగ్ వరండాలో అందర్నీ గోడకి తిప్పి కూర్చోబెట్టి పేర్లు చదివితే నేను లేనని తేలిందట. తలకి స్వెట్టర్ చుట్టుకుని, కంచె పట్టుకుని తడుముకుంటూ వెనక్కి వచ్చింది. ఖాళీ క్లాసురూములో నిలబడి నా పేరు పిలిచింది. ఆగింది. మళ్ళీ పిలిచింది. ఇంకా ఆగింది. ఆ మూడో పిలుపు పిలుపులా లేదు, బతిమాలుతున్నట్టు ఉంది. నేను పలికాను. తలుపు లాగి, నన్ను చంకనేసుకుని పరిగెత్తింది. మేం కంచె వెంబడి సగం దూరం వెళ్ళామో లేదో వెనక పెద్ద రేకు చిరిగిన చప్పుడైంది.

గాలి తగ్గాక చూస్తే సామాన్ల గదికి కప్పు లేదు. రేకులు, కూలర్ డబ్బాతో సహా ఊడి, చేను వైపు కిటికీ కింద నేలలో దిగబడి ఉన్నాయి. నేను కిటికీ దూకి ఉంటే నిలబడే చోటు సరిగ్గా అదే. కిటికీ తెరవకుండా అరల కిందే ఉన్నా, ఆ గదిలో దూలాలు నా మీద పడేవి. మిసెస్ హార్లన్ అది చూసి మైదానంలోనే కూర్చుండిపోయింది.

నాన్న వచ్చి అన్నయ్యనీ నన్నూ ఇంటికి తీసుకెళ్ళేసరికి నాయనమ్మ తలుపుల కింద తడి తువ్వాళ్ళు కుక్కి, డైనింగ్ టేబుల్ పక్కన మోకాళ్ళ మీద ఉంది. ఇంట్లో ఎక్కడా చిటికెడు మట్టి లేదు. తలుపు ఒక్కసారి తెరిచి ఉన్నా ఇల్లంతా మట్టయ్యేది. నేను వెళ్ళి ఆవిడ చీరలో మొహం పెట్టి, నువ్వు చేలోకి ఎందుకొచ్చావు, ఒక్కసారే ఎందుకు పిలిచావు, అని అడిగాను. నా వీపు నిమురుతున్న చెయ్యి ఆగిపోయింది.

"నేను గడప దాటలేదే. నిన్ను ఎప్పుడైనా ఒక్కసారి పిలిచానా నేను?" అంది. నా గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, "పలికావా?" అని అడిగింది.

"లేదు నాయనమ్మా."

"మంచిది," అంది. అని లేచి అన్నం వడ్డించడానికి వెళ్ళింది. వడ్డించిన నా కంచంలోనే మళ్ళీ వడ్డించడం అన్నయ్యా నేనూ ఇద్దరం చూశాం. ఆ పిలుపు గురించి మళ్ళీ బతికున్నన్నాళ్ళూ ఎత్తలేదు. ఆ భయంలో లేని పిలుపు నాకు వినిపించి ఉంటుందని అమ్మ అంది, నర్సులకి ఇలాంటివి తెలుసు. అయి ఉండొచ్చు. నలభై ఏళ్ళుగా నేనూ అదే చెప్పుకుంటున్నాను, పగటిపూట.

తర్వాతి వారం స్కూలు కెఫెటేరియాలో తల్లిదండ్రుల మీటింగ్ పెట్టారు. నాయనమ్మ నేనూ వస్తానని గంజి చీర కట్టుకుని కార్లో కూర్చుంది, దింపడం ఎవరి వల్లా కాలేదు. జనం కోపంగా ఉన్నారు. ఒక పిల్లని వదిలేసి ఎలా వెళ్ళారని అడిగారు. మిసెస్ హార్లన్ లేచి, తను పిలిచానని, జవాబు రాకపోతే గది ఖాళీ అనుకున్నానని, ఆ తప్పు తనదేనని చెప్పింది. ఆ పిల్ల ఎందుకు పలకలేదు మరి, అని వెనక నుంచి ఎవరో అడిగారు. అందరూ నా వైపు తిరిగారు. అమ్మ మొహం ఎర్రబడింది. ఆఖరికి లేచి నిలబడి, మా ఇంట్లో మూడోసారికి పలకాలని నేర్పాము, అని ఇంగ్లీషులో చెప్పింది. మా అత్తగారు నేర్పారు అనలేదు, నేర్పాము అంది. అది నాయనమ్మకి అర్థం కాలేదు కానీ, నాకు ఇవాళ్టికీ గుర్తుంది.

ఎవరైనా నవ్వుతారేమోనని నేను బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను. ఎవరూ నవ్వలేదు. ప్రిన్సిపాల్ బట్టతల పెద్దమనిషి, తక్కువ మాట్లాడేవాడు. భయపడ్డ పిల్ల ఏ కారణంతోనైనా పలకకపోవచ్చు, అన్నాడు. "అయితే ఇకమీదట మేం మూడుసార్లు పిలుస్తాం. పిలిచి ఆగుతాం. ఆ తర్వాత లోపలికి వెళ్ళి చేత్తో తడిమి చూస్తాం." నాన్న అది తెలుగులో చెబితే నాయనమ్మ బుద్ధిగా తల ఊపింది, ఇంతకాలానికి వీళ్ళకి తెలివొచ్చిందన్నట్టు.

నిజంగానే అలా చేశారు. పోర్టబుల్స్ నుంచి పెద్ద బిల్డింగ్ దాకా కంచె వెంబడి తాడు కట్టారు, కళ్ళు కనపడకపోయినా పట్టుకుని నడిచేలా. ప్రతి గది తలుపు దగ్గరా ఒక కాఫీ డబ్బాలో గుడ్డముక్కలు పెట్టారు, తడిపి ముక్కుకి కట్టుకోవడానికి. ఆ గుడ్డలు నాయనమ్మవే. మెత్తటి పాత చీరలు చింపి, అంచులు కుట్టి పంపింది. పత్తి రైతుల పిల్లలూ, ఫ్యాక్టరీవాళ్ళ పిల్లలూ అందరూ కలరా ఉండల వాసన పీలుస్తూ, మా నాయనమ్మ చీరలు ముక్కుకి కట్టుకుని తాడు పట్టుకుని నడుస్తుంటే నాకు సిగ్గూ గర్వమూ రెండూ వేసేవి. మేం వరండాలో గోడకి తిరిగి కూర్చున్నాక, ఖాళీ గదుల్లో టీచర్లు పేర్లు పిలవడం వినిపించేది. ఒకసారి, ఆగి మళ్ళీ, ఆగి మళ్ళీ. లేని పిల్లల్ని పిలుస్తున్న ఆ గొంతులు విని మిగతావాళ్ళు కిసుక్కుమనేవారు. నేను నవ్వేదాన్ని కాదు. నేను చేను వైపు చెవి పెట్టి వినేదాన్ని, అటు నుంచి కూడా ఎవరైనా పిలుస్తారేమోనని. పిలవలేదు. ఆ స్కూలు దాటి వెళ్ళేదాకా ప్రతి డ్రిల్‌లోనూ విన్నాను.

మెట్ల కింద తలుపు మెల్లిగా నా వీపుని తోసింది. నోరా బయటికి వచ్చి, ఏమీ జరగనట్టు టేబుల్ దగ్గర కూర్చుంది. ముద్దలు పెడుతూ, ఎందుకు దాక్కున్నావని అడిగాను. నాలుగు ముద్దలు తింది. తర్వాత ప్లేటు వైపు చూస్తూ చెప్పింది. స్కూల్లోకి ఎవడైనా తుపాకీ పట్టుకుని వస్తే ఎలా దాక్కోవాలో నేర్పడానికి ఇవాళ లాక్‌డౌన్ డ్రిల్ చేశారట. లైట్లు ఆపి, అందరూ మూలకి వెళ్ళి కూర్చున్నారట. పలుకుతారేమో చూడ్డానికి ఎవరో డోర్ నాక్ చేసి, పేర్లు పెట్టి పిలిచారట. అప్పుడు దీనికి దగ్గు వచ్చింది.

"నేను కాఫ్ చేశాను అమ్మమ్మ. మా క్లాస్‌లో ఈథన్ చెప్పాడు, రియల్ అయితే నా వల్ల అందరూ డెడ్. అందుకే ప్రాక్టీస్ చేస్తున్నా."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మూడుసార్లు పిలిచినా పలక్కూడదా, అన్నాను.

"హండ్రెడ్ టైమ్స్ పిలిచినా నో. పోలీస్ కీ పెట్టి ఓపెన్ చేస్తారు. అప్పుడే."

"మరి ఇందాక పిలిచింది నేనే కదమ్మా."

"నీ వాయిస్ లాగే ఉంది," అంది నోరా. "కానీ అది నువ్వే అని నాకు ఎలా తెలుసు?"

మిసెస్ హార్లన్ ఎప్పుడో పోయింది. ప్రిన్సిపాల్ కూడా ఉండి ఉండడు. ఆ రోజు కెఫెటేరియాలో అందరూ కలిసి, ఎంత భయంలో ఉన్న పిల్ల అయినా జవాబు చెప్పేదాకా పిలవాలని, ఎన్నిసార్లయినా వెనక్కి రావాలని తీర్మానించుకున్నారు. మా కాలంలో భయం ఆకాశంలోంచి వచ్చేది, మనిషి గొంతు వినిపిస్తే ప్రాణం నిలబడేది. ఈ పిల్లకి భయమే మనిషి గొంతుతో వస్తుందని నేర్పుతున్నారు. తప్పు నేర్పుతున్నారని అనలేను. అదే నాకు దుఃఖంగా ఉంది. నా మనసులో సుందరమ్మ లేచి ఓయ్ అంటూ మెట్లు దిగుతోంది.

అన్నం తిని, మూతి తుడుచుకుని, నోరా నా కొంగు పట్టుకుని లాగింది. ఇంకోసారి ప్రాక్టీస్ చెయ్యాలట. నేను లౌడ్‌గా పిలవాలట, నిజంలాగా. కాదనలేకపోయాను. అది క్లాజెట్‌లో దూరి తలుపు వేసుకుంది. అన్నయ్య రిక్లైనర్‌లో మేలుకుని మా వైపే చూస్తున్నాడు. నేను తలుపు ముందు నిలబడి "నోరా" అన్నాను. నాయనమ్మ ఇచ్చినట్టే ఎడం ఇచ్చి, మళ్ళీ "నోరా" అన్నాను. లోపల బట్ట రాపిడి కూడా లేదు. మూడోసారి నా పిలుపు కూడా బతిమాలుతున్నట్టే వచ్చింది. ఒక పిల్లని పేరు పెట్టి పిలుస్తూ, అది పలక్కూడదని దేవుణ్ణి వేడుకోవడం నా జన్మలో అదే మొదలు.

పలకలేదు.

"మంచిది," అన్నాను తలుపుతో.